అన్నీ ఎడమ ముక్కలే

"ఇది కూడా ఎడమదే, మాస్టారూ."

మిషన్ ముందు కూర్చున్న నత్త ఆ మాట అనడం అప్పటికి తొమ్మిదోసారి. నత్త అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ షాపులోనే కుడుతున్నాడు. వేసిన కుట్టు విప్పి మళ్ళీ వేసిన పాపాన పోలేదు. కాకపోతే ఆ కుట్టేదేదో తీరిగ్గా కుడతాడని బజారువాళ్ళు ఆ పేరు తగిలించారు. అంత తీరిక మనిషి కూడా ఇవాళ తొందర తొందరగా ముక్కలు తిరగేస్తున్నాడు.

కత్తెర మాస్టారు ముందుకి వంగారు. కట్ట విప్పి పదో ముక్క తీశారు. మంచివైపు పైకి తిప్పి బల్ల మీద పరిచారు. మెడ వంపు ఇటు, చంక వంపు అటు. అచ్చం ముందు తొమ్మిదింటిలాగే.

"అడుగున ఉన్నవి చూడండి మావయ్యా," అంది కోడలు గుమ్మం దగ్గర నిలబడి.

ఆయన అడుగు కట్ట లాగారు. అందులోనూ ఎడమవే. పక్క కట్టలోనూ ఎడమవే. నూట ఇరవైమంది పిల్లలకి చేతుల్లేని కోటు ఒక్కొక్కటి కుట్టాలి. కోటుకి ముందు భాగంలో కుడిపక్క ఒక ముక్క, ఎడమపక్క ఒక ముక్క ఉండాలి. రెండు వందల నలభై ముక్కలు కోసి, కట్టలు కట్టి, సైజుల వారీగా చీటీలు కూడా పెట్టారు. అందులో కుడివైపుది ఒక్కటంటే ఒక్కటి లేదు.

నలభై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషి స్టూలు మీద కూర్చుండిపోయారు.

"గుడ్డ పరిచిందెవరో అడుగు," అన్నారు చివరికి నత్తతో.

అడగవలసిన మనిషి రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. మాస్టారి కొడుకు. తండ్రీకొడుకులకి మాటల్లేక సరిగ్గా మూడు వారాలు. ఈ మూడు వారాలూ ఒకరితో ఒకరు చెప్పుకోవలసినవన్నీ నత్త చెవుల్లోంచి ప్రయాణం చేస్తున్నాయి.

"నేనే పరిచానని చెప్పు," అన్నాడు కొడుకు.

"ఎలా పరిచాడో అడుగు."

"అది మెరుపున్న గుడ్డ. మనం ఎప్పుడూ పరిచినట్టు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మడతలు వేసుకుంటూ పోతే ఒక పొర మెరుపు పైకీ, ఒక పొర మెరుపు కిందకీ పోతుంది. పిల్లాడు ఎండలో నిలబడితే కోటు ఒక పక్క ఒక రంగు, ఇంకో పక్క ఇంకో రంగు. అందుకని ప్రతి పొరా కత్తిరించి, అన్నీ ఒకే వైపుకి పరిచానని చెప్పు."

నత్త మెడ తిప్పాడు. "మాస్టారూ, మెరుపున్న గుడ్డ కదాని..."

"వినబడింది. నాకింకా చెవుడు రాలేదు. అలా పరిస్తే సుద్దతో కుడిదొకటి, ఎడమదొకటి రెండూ గియ్యాలని తెలీదా అని అడుగు!"

"సుద్ద ఎవరి చేతిలో ఉందో కూడా అడుగు!" అన్నాడు కొడుకు.

అదీ సంగతి. ఆ షాపులో గుడ్డ ఎప్పుడూ మడతలుగానే పరుస్తారు. ఒక పొర బోర్లా, ఒక పొర వెల్లకిలా పడతాయి కాబట్టి పైన ఒక్క ముక్క గీసి కోస్తే చాలు, సగం కుడివీ సగం ఎడమవీ వాటంతటవే వస్తాయి. కొడుకు కొత్త పద్ధతిలో పరిచాడు. తండ్రి పాత పద్ధతిలో గీశారు. కొడుకు పరచడంలో తప్పు లేదు. తండ్రి గియ్యడంలోనూ తప్పు లేదు. మధ్యలో ఒక్క మాట అనుకుంటే సరిపోయేది. ఆ ఒక్క మాటకే ఆ షాపులో కరువొచ్చింది.

"నత్తతో అయినా చెప్పి ఉండొచ్చుగా!" అంది కోడలు మొగుడితో, ఉండబట్టలేక.

"నత్త ఆ రోజు రాలేదు," అన్నాడతను.

అందరూ నత్త వైపు చూశారు. జ్వరం తెచ్చుకున్నందుకు అతను తల దించుకున్నాడు.

"అయిపోయిందిగా," అన్నాడు కొడుకు. ఈసారి నత్తతో కాదు, గోడతో. "రెండు నెలల సీజను, పది నెలలు ఈగలు తోలుకోవడం. ఆ రెండు నెలల్లో కూడా ఇదీ వరస. అందుకే చెప్పాను, ఈ సీజనుతో సరిపెట్టి గది ఫోన్ల షాపాయనకి ఇచ్చేద్దామని. చెబితే నేను విరోధినయ్యాను."

మాస్టారు లేచారు. మెడలో వేలాడుతున్న టేపు తీసి బల్ల మీద పెట్టారు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళిపోయారు.

బడి తెరవడానికి ఇంక అయిదు రోజులుంది.

*

షాపు పైనే ఇల్లు. వంటింట్లో అత్తగారు పీట మీద కూర్చుని ఖాళీ గుడ్డముక్క మీద గుండీల కాజాలు కుడుతోంది. ఈ ఇంట్లో కాజాలన్నీ ఆవిడ చేతివే. కుట్టడానికి కోటు లేకపోయినా ఆవిడ చేతులు ఊరుకోవు.

"ఆయన అన్నం ముట్టలేదు," అంది తలెత్తకుండా. "నీ మొగుడూ ముట్టలేదు. తండ్రీకొడుకులు ఈ ఒక్క విషయంలో మాత్రం ఒకే మాట మీదున్నారు."

కోడలికి నవ్వు రాలేదు. ఈ పని తెచ్చింది తను. రెండేళ్ళుగా బళ్ళన్నీ రెడీమేడ్ కంపెనీలకే బట్టల పని ఇస్తుంటే, చెప్పులరిగేలా తిరిగి, హెడ్ మేడమ్ గదిముందు మూడు పూటలు కూర్చుని, మీ బడి బట్టలు మళ్ళీ మా చేతికివ్వండని అడిగి తెచ్చింది. గుడ్డ కూడా బడివాళ్ళదే. వాళ్ళకోసం ప్రత్యేకంగా నేయించిన ముదురాకుపచ్చ రంగు. మళ్ళీ కావాలంటే రెండు నెలలని మిల్లువాళ్ళు పొద్దున్నే ఫోన్లో చెప్పేశారు. బడికి మొహం ఎలా చూపించాలి? చూపించలేకపోతే వచ్చే ఏడు ఈ మెట్లు ఎవరెక్కుతారు? మొగుడి మాటే నెగ్గుతుంది. షాపు పోతుంది. మామగారు ఏమైపోతారో ఊహించడానికి కూడా ఆమెకి భయం వేసింది.

"మేడమ్‌కి నేనే వెళ్ళి చెబుతాను అత్తయ్యా. తిట్లు కూడా నేనే తింటాను."

"తిట్లదేముందే, కడుపు నిండదు కానీ అరుగుతాయి," అంది అత్తగారు. "నా భయం తిట్లు కాదు. వానలు పడే రోజులు. నువ్వు కాపురానికొచ్చి నాలుగేళ్ళేగా, నీకంతగా తెలీదు. బడులు తెరిచాక ఒక్కడూ రాడు. ఆయన మాత్రం పొద్దున్నే షాపు తీసి, బల్ల తుడుచుకుని, కత్తెరకి నూనె రాసుకుని కూర్చుంటారు. సాయంత్రం దాకా అలాగే. టీ పట్టుకెళితే, 'ఇప్పుడే ఒకాయన వచ్చి వెళ్ళాడు' అని అబద్ధం చెబుతారు. నాకు!"

సూది గుడ్డలోకి దిగి ఆగింది.

కోడలు వంటింటి గడప దాటింది. షాపులోకి దిగి వచ్చింది. భోజనం వేళ కదా, ఎవరూ లేరు. బల్ల మీద వీపు ముక్కలు చెల్లాచెదరుగా పడున్నాయి. వీపుకి కుడి ఎడమలు లేవు, ఒక్కటే ముక్క. అందుకని అవి బాగానే ఉన్నాయి. కనీసం వాటినైనా సర్దుదామని ఒక్కొక్కటీ సగానికి మడిచి దొంతి పెట్టసాగింది.

ఏడో ఎనిమిదో మడిచాక ఆమె చెయ్యి ఆగిపోయింది.

మడిచిన వీపు ముక్కకి ఒకవైపు చంక వంపు. పైన భుజం. ఇంకోవైపు నిటారు అంచు. దాన్ని విప్పింది. మళ్ళీ మడిచింది. పక్కనున్న ఎడమ ముక్క తీసి దాని పక్కన పెట్టి చూసింది. ఒకదానికొకటి అద్దంలో చూసుకున్నట్టు సరిపోయాయి. మెడ దగ్గర కాస్త ఏటవాలుగా కోస్తే చాలు.

ఇంకో జత తీసి పెట్టి చూసింది. అవీ సరిపోయాయి.

మరి వీపు? వీపు లేకుండా కోటెలా అవుతుంది? ఆమె కళ్ళు మూల నిలబెట్టిన, కోటు లోపలివైపు వేసే నల్లటి అస్తరు గుడ్డ తాను మీద పడ్డాయి. ఎన్ని పెద్దవాళ్ళ కోటులకి వీపంతా అస్తరు గుడ్డతోనే కుట్టలేదు! అస్తరు గుడ్డ బజార్లో ఎంత కావాలంటే అంత దొరుకుతుంది.

కత్తెర బల్ల అంచున ఉంది. దాన్ని మాస్టారు తప్ప ఎవరూ ముట్టరు. కొడుకు గుడ్డ పరుస్తాడు, నత్త కుడతాడు, ఆడవాళ్ళు కాజాలూ గుండీలూ చూసుకుంటారు. గుడ్డ మీద గీత గియ్యడం, కొయ్యడం ఆయన పని. ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టడానికి కూడా ఎవరూ సాహసించరు.

పిలుద్దామా అనుకుంది. పిలిస్తే ఏమంటారు? కోసిన గుడ్డని మళ్ళీ కొయ్యడమేమిటంటారు. ఉన్న వీపులు కూడా పాడుచేస్తావా అంటారు. మాటతో చెబితే అయ్యే పని కాదు, కళ్ళకి కనబడాలి.

కత్తెర చేతిలోకి తీసుకుంది. అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. ఒక పెద్ద సైజు వీపు ముక్క మధ్యకి సరిగ్గా మడత గీత చూసుకుని, పైనుంచి కిందికి కోసేసింది.

"ఏయ్!"

వెనక మాస్టారు. చెప్పులకోసం దిగి వచ్చినట్టున్నారు. ఆ కేకకి పైనుంచి అత్తగారు పరుగెత్తుకొచ్చింది. వీధిలో నిలబడ్డ కొడుకు లోపలికొచ్చాడు. చేతులు కడుక్కుంటున్న నత్త తడిచేతుల్తోనే గుమ్మంలో నిలబడ్డాడు.

"బాగున్న ముక్క కూడా నరికేశావా!" అన్నారాయన. "ఇంక ఏం మిగిలిందని, అమ్మాయ్?"

"కోప్పడండి మావయ్యా, కానీ ఒక్కసారి చూసి కోప్పడండి," అంటూనే ఆమె ఒక సగాన్ని ఎడమ ముక్క పక్కన పెట్టింది. "వీపులో ఎడమ సగాన్ని ముందుకి తెస్తే కుడి ముక్క అవుతోంది. వీపు అస్తరు గుడ్డతో వేద్దాం. పెద్దవాళ్ళ కోటుకి వెయ్యమా? అలాగే."

నత్త మెడ చాచి చూశాడు. 

మాస్టారు బల్ల దగ్గరకొచ్చారు. ముక్క మీద చెయ్యి వేశారు. చంక దగ్గర వేలితో కొలిచారు. భుజం దగ్గర కొలిచారు. 

"మధ్యకి కోశావు," అన్నారు.

"అవును మావయ్యా."

"సరిగ్గా మధ్యకి కోస్తే గుండీ ఎక్కడ పెడతావు, గాల్లోనా?" ఆయన గొంతు ఒక్కసారిగా లేచింది. అది పాత గొంతు. సీజను నడిమధ్యలో వినిపించే గొంతు. "ఒక పక్క మీదకి ఇంకో పక్క ఎక్కాలా వద్దా? మధ్య దాటి అంగుళమున్నర వదిలి కొయ్యాలి. మెడ అంచు ముందుకి దిగాలి. చంక ముందువైపు కాస్త లోపలికి తొలవాలి, లేకపోతే పిల్లాడు చెయ్యెత్తినప్పుడల్లా గుడ్డ ముడతలు పడి చస్తుంది. ఏం కోశావమ్మా నువ్వు!"

"తప్పయిపోయింది," అంది కోడలు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెదవుల మీద మాత్రం నవ్వు ఆగడం లేదు.

"ఈ ఒక్కటీ లోపల పట్టీ అతికి కుడదాం, ఎవడికీ కనబడదు. మిగిలిన నూట పందొమ్మిదీ..." అని ఆయన తలెత్తారు. ఆ చూపు నత్తని దాటి, అత్తగారిని దాటి, కొడుకు మీద ఆగింది. ఆగి, కాసేపు అక్కడే తచ్చాడింది.

"వీపులు కూడా అదే వైపుకి పరిచావా?"

నత్త అలవాటుగా కొడుకు వైపు తిరిగాడు. "వీపులు కూడా అదే వైపు..."

"నిన్ను కాదయ్యా, వాణ్ణి అడిగాను!"

కొడుకు బల్ల దగ్గరకొచ్చాడు. "అదే వైపు నాన్నా. అన్నీ ఒకే వైపు. మెరుపు ఎక్కడా తేడా రాదు."

"రాదు," అన్నారు మాస్టారు. "మంచిపని చేశావు. వీపులు మడతలుగా పరిచి ఉంటే ఇదీ కుదిరేది కాదు."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "వడ్డించమంటారా?" అంది, లోకంలో ఇంకే విశేషమూ జరగనట్టు.

*

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ షాపులో ఊపిరి సలపలేదు.

మాస్టారు గీసేవారు, కోడలు కోసేది. మొదటి పది ముక్కలకీ ఆయన పక్కనే నిలబడి ప్రతి అంగుళానికీ విసుక్కున్నారు. పదకొండో ముక్క దగ్గర విసుక్కోవడం మరిచిపోయారు. ముప్ఫయ్యో ముక్క దగ్గర స్టూలు లాక్కుని కూర్చుని టీ తాగారు. గ్లాసు ఆ బల్ల మీదే పెట్టారు. అత్తగారు అది చూసి, చూడనట్టు వెళ్ళిపోయింది.

కోసిన వీపుల్లో రెండో సగాలూ, ఎక్కువగా మిగిలిపోయిన ఎడమ ముక్కలూ గుట్టపడ్డాయి. వాటిని చూస్తుంటే మాస్టారికి ప్రాణం ఉసూరుమంటోంది.

"నాన్నా," అన్నాడు కొడుకు రెండో రోజు. మూడు వారాల తర్వాత ఆ పిలుపు ఇంకా కాస్త బిడియంగానే వస్తోంది. "వీపు ఎటూ పలచటి గుడ్డే కదా. ఈ ముక్కల్లోంచి రెండేసి పట్టీలు తీసి నడుం దగ్గర వేస్తే? మధ్యలో బిగించుకునే కొక్కెం. సన్నగా ఉన్నవాడు బిగించుకుంటాడు, లావుగా ఉన్నవాడు వదులు చేసుకుంటాడు. వచ్చే ఏటికి పిల్లాడు పెరిగినా కోటు పడుతుంది."

"వచ్చే ఏడు కూడా పడితే మనకి పనేముంటుందిరా?"

"మంచి పేరుంటుంది."

మాస్టారు గుట్టలో చెయ్యి పెట్టారు. ఒక ఎడమ ముక్క తీసి, పట్టీ వెడల్పు ఎంతుండాలో సుద్దతో గీసి కొడుకు చేతికిచ్చారు.

నత్త సంగతి చెప్పనే అక్కర్లేదు. మనిషి మిషన్ దిగలేదు. మూడోరోజు సాయంత్రానికి అతని ముందు కుట్టడానికి ముక్కలయిపోయి, "ఏంటి మాస్టారూ, కోత ఆలస్యమవుతోందే?" అని అడిగాడు. షాపంతా ఒక్కసారి గొల్లుమంది. నత్త ఆ మాట అనడం ఇరవై ఏళ్ళలో అదే మొదలు. అతను కూడా సిగ్గుపడుతూ నవ్వేశాడు.

అత్తగారి కాజాలు ఒక్కో కోటుకి అయిదు. వేలికి తొడుగు పెట్టుకుని, కిటికీ వెలుగులో కూర్చుని, ఎవరు పలకరించినా "ఊ" అనే తప్ప ఇంకో మాట లేకుండా కుట్టింది. ఆవిడ అంత మౌనంగా ఉండటం పని ఒత్తిడివల్లేనని అందరూ అనుకున్నారు.

బడి తెరిచే ముందురోజు మధ్యాహ్నానికి నూట ఇరవయ్యో కోటు ఇస్త్రీ పెట్టె కిందనుంచి బయటికొచ్చింది.

*

"వీపు ఇలా అని మనం అనుకోలేదే?"

హెడ్ మేడమ్ కోటు తిప్పి చూస్తూ కళ్ళజోడు సవరించుకుంది. ఆవిడ గదిలో బల్ల మీద, కుర్చీల మీద, కిటికీ గట్టు మీద అంతా కోటు కట్టలే. మాస్టారు, కొడుకు, కోడలు ముగ్గురూ వరసగా నిలబడ్డారు. తప్పుచేసి పట్టుబడ్డ పిల్లలు ఆ గదిలో ఎలా నిలబడతారో అలాగే.

కోడలు నోరు తెరిచేలోపు మాస్టారు ఒక అడుగు ముందుకేశారు.

"పొరపాటు మాదేనమ్మా. నాదే. గుడ్డ పరిచిన తీరు చూసుకోకుండా గీశాను. అన్నీ ఎడమ ముక్కలే వచ్చాయి. మీ గుడ్డ మళ్ళీ దొరకదు. అందుకని వీపుల్లోంచి కుడి ముక్కలు తీశాం. వీపు వేరే గుడ్డ. నచ్చకపోతే చెప్పండి, ఇవన్నీ వెనక్కి పట్టుకెళ్ళి, రెండు నెలలు ఆగైనా మీ గుడ్డతోనే మళ్ళీ కుట్టిస్తాను."

"నాది కూడా ఉంది," అన్నాడు కొడుకు. "పరిచింది నేను. నాన్నకి చెప్పలేదు."

"నువ్వాగరా."

"నువ్వే ఆగు నాన్నా, ఉన్నమాటేగా."

హెడ్ మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తప్పు నీదంటే నీదని పోట్లాడుకునేవాళ్ళని ఆవిడ రోజూ చూస్తుంది. నాదంటే నాదని పోట్లాడుకునేవాళ్ళు ఆ గదిలోకి రావడం అరుదు.

పక్క వసారాలో పుస్తకాలు సర్దుతున్న ఇద్దరు పిల్లల్ని పిలిచింది. ఒకడు పుల్లలా ఉన్నాడు, ఇంకొకడు బొద్దుగా ఉన్నాడు. ఇద్దరికీ ఒకే సైజు తొడిగించింది. కోడలు వెళ్ళి పుల్లలాంటివాడికి వెనక పట్టీ బిగించింది, బొద్దువాడికి వదిలింది. ఇద్దరికీ కొలిచి కుట్టినట్టు పట్టింది.

"చేతులు పైకెత్తండి," అన్నారు మాస్టారు. చంక దగ్గర ఒక్క ముడత లేదు.

"ఉక్కగా ఉందా?" అని అడిగింది మేడమ్.

"లేదు మేడమ్. వెనక చల్లగా ఉంది," అన్నాడు బొద్దువాడు. "ఇది నాకేనా? ఇప్పుడే తీసుకెళ్ళిపోవచ్చా?"

మేడమ్ నవ్వింది. ఆ గదిలో ఆవిడ నవ్వడం కోడలు అప్పుడే చూసింది. మూడు పూటలు ఆ గుమ్మం బయట కూర్చున్నప్పుడు కూడా ఆ మొహం మీద నవ్వన్నది కనబడలేదు.

"పోయిన ఏడు కంపెనీవాళ్ళ బట్టలు మూడు నెలలకే బిగుతైపోయాయని తల్లిదండ్రులు నా ప్రాణం తీశారు," అంది. "ఇది రెండేళ్ళు పడుతుంది. పొరపాటున వచ్చిందో, కావాలని వచ్చిందో నాకనవసరం. చలికాలానికి మా మిగతా రెండు బడులకీ ఇదే కావాలి. నాలుగు వందల పీసులు. గుడ్డ మీరే చూసి ఎంచండి. వానల్లో మొదలుపెడితే అందుతుందా? ఆ రోజుల్లో మీకు వేరే పని ఒత్తిడి ఉంటుందేమో మరి."

వానల్లో! మాస్టారు గొంతు సవరించుకున్నారు. "చూసుకుని... ఎలాగో సర్దుకుంటాం లెండి," అన్నారు. ఎంత పెద్దమనిషి తరహాలో అన్నారంటే, కొడుకు నవ్వు దాచుకోవడానికి కట్టలు లెక్కపెట్టే నెపంతో వెనక్కి తిరిగాడు.

"కటింగ్ మాత్రం మీరే చెయ్యాలి మాస్టారూ. ఇంకెవరికో అప్పగించొద్దు."

"నేను గీస్తానమ్మా. కోసేది మా కోడలు," అన్నారాయన. "మీ చేతిలో ఉన్నది కూడా ఆ అమ్మాయి కోసిందే. ఎక్కడైనా వంకర కనబడితే చెప్పండి."

మేడమ్ కోటు అంచు వెలుతురుకేసి ఎత్తి చూసింది. వంకర కనబడలేదు. కోడలికి ఏం చెయ్యాలో తెలియక, మడిచి ఉన్న కోటునే మళ్ళీ మడిచింది. ఇంత సంతోషం ఆమె ఎప్పుడూ ఎరగదు.

*

తిరుగుదారిలో ముగ్గురూ నడిచే వచ్చారు. ఆటో ఎక్కుదామని ఎవరికీ తోచలేదు. నాలుగు వందల పీసులకి పొరలెన్ని వెయ్యాలో తండ్రీకొడుకులు దారంతా వాదించుకున్నారు. రోడ్డు దాటేటప్పుడు కూడా వాదన ఆపలేదు. కోడలు రెండడుగులు వెనకగా, నవ్వుకుంటూ నడిచింది.

షాపు ముందుకొచ్చేసరికి లోపల ఎవరో ఉన్నారు.

ఫోన్ల షాపాయన ఒక గోడ దగ్గర, అతని తాలూకు మనిషి ఇంకో గోడ దగ్గర నిలబడి, మధ్యలో కొలత టేపు లాగి పట్టుకున్నారు. కటింగ్ బల్లని కాస్త పక్కకి జరిపారు. నత్త ఏమనాలో తెలియక మిషన్ని కరుచుకుని కూర్చున్నాడు.

మాస్టారి మొహంలో రంగు మారింది. ఆయన కొడుకు వైపు తిరిగారు.

"నేను కాదు నాన్నా!" అన్నాడతను. "ఒట్టు. ఆరోజు నువ్వు వద్దన్నాక ఈయన్ని నేను కలవనే లేదు." అని లోపలికి నాలుగంగల్లో వెళ్ళి, "ఏమండీ, ఆ టేపు తియ్యండి. గది ఇవ్వటం లేదు. మాకు చలికాలం దాకా చేతినిండా పనుంది," అన్నాడు.

ఫోన్ల షాపాయన కోపం తెచ్చుకోలేదు. నిదానంగా జేబులోంచి మడిచిన కాగితం తీసి విప్పాడు. వచ్చే నెల మొదటి తారీఖునుంచి గది అప్పగిస్తున్నట్టు రాసుంది. మాస్టారు అందులో కొడుకు సంతకం కోసం చూశారు. లేదు. తనదీ లేదు.

అడుగున ఉన్నది అత్తగారి సంతకం.

గది ఆవిడ పేరునే ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తులేదు.

మెట్ల మీద అలికిడి అయింది. అత్తగారు కింది మెట్టు మీదే ఆగిపోయింది. వేలికి తొడుగు ఇంకా అలాగే ఉంది.

"నేనే పెట్టాను," అంది. "అన్నీ ఎడమవే అయ్యాయని తెలిసిన పొద్దున్నే. మీరిద్దరూ మొహాలు మాడ్చుకుని చెరో మూలా కూర్చున్నప్పుడు. ఇంక ఈ వానలకి ఆయన ఖాళీ షాపులో ఒక్కరే కూర్చోవడం నేను చూడలేననుకున్నాను. తర్వాత చెబుదామంటే... మీ సంబరం చూశాక నోరు రాలేదు."

మాస్టారు భార్య వైపు చూస్తూ నిలబడిపోయారు. కోప్పడతారేమోనని కోడలు భయపడింది. ఆయన కోప్పడలేదు. "వచ్చి వెళ్ళాడని చెప్పేవాణ్ణిగా," అన్నారు చాలా నెమ్మదిగా.

"నలభై ఏళ్ళు కాపురం చేశాను. నాకు తెలీదూ?"

ఫోన్ల షాపాయన ఇబ్బందిగా దగ్గాడు. "అమ్మా, నేను చెక్కపని వాళ్ళకి కూడా చెప్పేశాను. ఒకటో తారీఖుకల్లా వచ్చేస్తారు."

అత్తగారు ఆ మాట విన్నట్టే లేదు. ఆవిడ కోడలినే చూస్తోంది. మేడమ్ ఏమందో ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు.

"చలికాలం దాకా పనేమిటే? ఏమన్నారు బళ్ళో?"

"నాలుగు వందల పీసులు అత్తయ్యా. వానల్లోనే మొదలుపెట్టాలి."

అత్తగారు మెట్టు దిగింది. పెదవులు కదిపి ఏదో లెక్కేసుకుంది.

"కోటుకి అయిదు... రెండు వేల కాజాలు," అంది.  గబగబా బల్ల దగ్గరకి నడిచి, జరిపిన బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. "అలా చూస్తారేంటి, ఓ చెయ్యి వెయ్యండి. ఇది దీని చోటుకి లాగాలి."

తండ్రి ఒక మూల, కొడుకు ఒక మూల పట్టుకున్నారు. నత్త కూడా లేచి వచ్చాడు.

"అమ్మా," అన్నాడు ఫోన్ల షాపాయన, కాగితం ఎత్తి పట్టుకుని. "మరి ఈ సంతకం?"